హైటెక్ సిటీలో శనివారం సాయంత్రం.. గుమ్మం దగ్గర ఆగిన అన్న

వారంలో ఐదు రోజులు నేను హైటెక్ సిటీని క్యాబ్ అద్దంలోంచే చూస్తాను. మైండ్‌స్పేస్ జంక్షన్, ఎర్ర లైటు, ముందు ఇంకో క్యాబ్. శనివారం సాయంత్రం మాత్రం ఇదే ఊరు వేరేలా ఉంటుంది. ఆఫీసుల గేట్లు సగం మూసుంటాయి. సెక్యూరిటీ అన్నలు కుర్చీ బయటికి లాక్కుని ఫోన్‌లో సినిమా చూస్తుంటారు. జనమంతా హాస్టళ్ల వైపు ఉంటారు. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో బాల్కనీల నిండా ఆరేసిన జీన్స్ ప్యాంట్లు, కింద మిర్చి బజ్జీల బండి దగ్గర గుంపు, పక్కనే ఎవరో ఇంటికి ఫోన్ చేసి "ఆ తిన్నానమ్మా" అని అబద్ధం చెప్పడం.. అసలు ఊరు అప్పుడు కనిపిస్తుంది.

డిసెంబర్ మొదటి శనివారం మా రూమ్మేట్ అడిగాడు.

"ఖాళీనా? మా యూత్ మీటింగ్ ఉంది. నాటిక వేస్తున్నాం. చూడ్డానికి రారా. నచ్చకపోతే మధ్యలో వచ్చెయ్. బిర్యానీ మాత్రం తినేసి వెళ్లు."

నేను చర్చికి వెళ్లే ఇంట్లో పుట్టలేదు. మాది తెనాలి దగ్గర పల్లె. మా వీధిలో రామాలయం, వెనక పేటలో చర్చి. డిసెంబర్ 24 రాత్రంతా మైకు మోగేది. నిద్ర పాడవుతోందని అమ్మ విసుక్కునేది. మర్నాడు పొద్దున వాళ్లు పంపిన కేకు ముక్కల్ని తనే అందరికీ పంచేది. క్రైస్తవంతో నా పరిచయం అంతవరకే.

అయినా వెళ్లాను. బిర్యానీ కోసం అని మా వాడికి చెప్పాను. అసలు కారణం వేరు. ఆ రోజు మా తమ్ముడి పుట్టినరోజు. రూంలో ఒక్కడినే కూర్చుంటే ఫోన్ చెయ్యాలా వద్దా అని ఆలోచించాల్సి వస్తుంది. వాడితో మాట్లాడి ఎనిమిది నెలలైంది. ఆ సంగతి తర్వాత చెప్తా.

రాళ్ల మీద లేచిన ఊళ్లో..

హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ దగ్గర కలుసుకుని, కొత్తగూడ వైపు ఆటో ఎక్కాం. దారిలో సైబర్ టవర్స్. ఇప్పుడు చుట్టూ ఉన్న అద్దాల భవనాల ముందు అది చిన్నగా, కాస్త పాతగా కనిపిస్తుంది కానీ, 1998లో దాన్ని ప్రారంభించినప్పుడు ఇక్కడ ఎక్కువగా ఉన్నవి రాళ్లూ గుట్టలే. అంటే ఈ ఊరి వయసూ నా వయసూ దాదాపు ఒకటే!

అందుకే ఇక్కడ పాత చర్చి అంటూ వెతికితే దొరకడం కష్టం. అవి సికింద్రాబాద్‌లో, అబిడ్స్‌లో ఉన్నాయి. బ్రిటిష్ కంటోన్మెంట్ కాలం నాటి రాతి గోడలు, ఎత్తైన గంట గోపురాలు. ఇంకాస్త దూరం వెళ్లగలిగితే వంద కిలోమీటర్ల లోపే మెదక్ కెథడ్రల్. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ 1914లో కట్టడం మొదలుపెట్టి, పదేళ్ల తర్వాత 1924 క్రిస్మస్ రోజు తలుపులు తెరిచారు. కరువులో ఉన్న జనానికి పనీ తిండీ దొరకాలనే అంత పెద్ద కట్టడం మొదలుపెట్టారని మెదక్‌లో ఇప్పటికీ చెప్తారు.

ఐటీ కారిడార్‌లో కథ వేరు. మియాపూర్ వైపు కల్వరి టెంపుల్ లాంటి భారీ చర్చి ఉంది. 2005లో మొదలైన అక్కడికి ఆదివారం పొద్దున్నే వేలమంది వస్తారు. దానికి పూర్తిగా రెండో కొసన చిన్న చిన్న కూడికలు ఉంటాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్, కోచింగ్ సెంటర్ పై అంతస్తు, గంటల లెక్కన అద్దెకిచ్చే ఫంక్షన్ హాలు.. ఎక్కడ చోటు దొరికితే అక్కడ. మేం వెళ్లింది అలాంటి హాలుకే. కొండాపూర్‌లో, కింద టైర్ల షాపు, మొదటి అంతస్తులో జిమ్, రెండో అంతస్తులో హాలు. గుమ్మానికి కాగితం నక్షత్రం వేలాడుతోంది. పొద్దున అక్కడ ఎవరిదో ఓణీల ఫంక్షన్ జరిగినట్టుంది. స్టేజీ వెనక ఆ బంతిపూల దండలు అలాగే ఉన్నాయి. వీళ్లు తీయలేదు. "బాగున్నాయి కదా, ఉండనీ" అన్నారట.

వందనాలు అన్నా!

గుమ్మంలోనే ఒకమ్మాయి "వందనాలు అన్నా" అంది. నమస్తే అనాలా, వందనాలు అనాలా తెలియక నవ్వేసి లోపలికెళ్లాను. చెప్పుల స్టాండ్ నిండిపోయింది. స్పోర్ట్స్ షూలు, హవాయి చెప్పులు, ఒక జత ఫార్మల్ షూ. ఎవరో శనివారం కూడా ఆఫీసు నుంచే వచ్చారన్నమాట.

లోపల ఎనభై మంది దాకా ఉంటారు. మొదటి రెండు వరుసలు ఎప్పట్లాగే ఖాళీ. ఈ విషయంలో యూత్ మీటింగూ మా ఆఫీసు టౌన్‌హాలూ ఒకటే. నేను ఆఖరి వరుసలో తలుపు పక్కన కూర్చున్నాను. మధ్యలో లేచిపోవడానికి వీలుగా.

ముందు పాటలు. గిటారు, కీబోర్డు, కూర్చుని వాయించే చెక్కపెట్టె డ్రమ్ము. కొత్త పాటలన్నీ సినిమా మెలొడీల్లా ఉన్నాయి. నాలుగో పాటకి మాత్రం గిటారు ఆగింది. ఒకబ్బాయి తబలా ముందుకు జరిపాడు. అది పాత కీర్తన అని మా వాడు చెవిలో చెప్పాడు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అనే పుస్తకం వాళ్ల ఇళ్లలో తాతల నాటి నుంచీ ఉంటుందట. ప్రతి పాట పైన రాగం, తాళం రాసుంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటి కవులు మన సంగీతం బాణీలోనే వాటిని రాశారు. కళ్లు మూసుకుని వింటే మా ఊరి భజన గుర్తొచ్చింది. ఆ మాట మా వాడితో అంటే, "మా నాయనమ్మ కూడా అదే అనేది" అన్నాడు.

సాక్ష్యం, వాక్యం, ఓ చిన్న ప్రశ్న

తర్వాత సాక్ష్యం. అంటే తన జీవితంలో జరిగింది లేచి చెప్పడం. ఒకమ్మాయి మైకు తీసుకుంది. లేఆఫ్‌లో ఉద్యోగం పోయింది. ఏడు నెలలు ఖాళీ. హాస్టల్ ఫీజు కోసం గాజులు తాకట్టు పెట్టింది. ఇంట్లో చెప్పకుండా రోజూ పొద్దున్నే తయారై బ్యాగు వేసుకుని బొటానికల్ గార్డెన్‌కి వెళ్లి కూర్చునేది. ఎందుకంటే హాస్టల్‌లో వాళ్ల ఊరి అమ్మాయే ఉంది, ఇంటికి చెప్పేస్తుందని భయం. చివరికి ఉద్యోగం వచ్చింది. ప్రార్థన వల్లే అంది.

చప్పట్లు కొట్టాను కానీ నా బుర్రలో టెస్టర్ నిద్రపోడు కదా. ప్రార్థించినా రాని వాళ్ల సంగతేంటి? టీ విరామంలో ధైర్యం చేసి ఆ అమ్మాయినే అడిగాను. తప్పుగా అనుకుంటుందేమో అనుకున్నా. అనుకోలేదు.

"నాతో పాటే ప్రార్థన చేసిన అక్క ఒకావిడ ఉన్నారు. ఆవిడకి ఇంకా రాలేదు. అదిగో, టీ పోస్తున్నారే, ఆవిడే. నాకు సమాధానం తెలీదన్నా. ఆవిడ ముందు నిలబడి సాక్ష్యం చెప్పడానికే నాకు రెండు నెలలు పట్టింది" అంది.

ఆవిడ నా కప్పులో టీ పోస్తూ "చక్కెర సరిపోయిందా తమ్ముడూ?" అని అడిగారు. సరిపోయింది అన్నాను.

వాక్యం చెప్పింది పాస్టర్ కాదు. గచ్చిబౌలిలో ఓ కంపెనీలో మేనేజర్. విషయం, విశ్రాంతి దినం. ఆరు రోజులు పని చేసి ఏడో రోజు ఆగమన్న ఆజ్ఞ నిర్గమకాండంలో ఉందనీ, ఆ సెలవు ఇంటి యజమానికి ఒక్కడికే కాదనీ చెప్పారు. పనివాళ్లకీ, ఊళ్లోకి వచ్చిన పరదేశికీ, ఆఖరికి పశువులకీ కూడా అట.

"మనమంతా ఈ ఊరికి పరదేశులమే. మరి మనకి సెలవు ఇచ్చేదెవరు? మనం ఎవరికి ఇస్తున్నాం? ఆదివారం రాత్రి పదకొండింటికి నా టీమ్‌కి మెసేజ్ పెట్టేది నేనే" అన్నారు. హాలంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ మాట నాకు నచ్చింది. అంతసేపూ ఫోన్ నా చేతిలోనే ఉంది. అప్పుడు జేబులో పెట్టాను.

థర్మాకోల్ పల్లె, నిజం బిర్యానీ

ఇక నాటిక. కథ అందరికీ తెలిసిందే. లూకా సువార్త 15వ అధ్యాయంలో ఏసు చెప్పిన కథ, తప్పిపోయిన కుమారుడు. చిన్నకొడుకు తన వాటా అడిగి తీసుకుంటాడు. దూరదేశం వెళ్లి అంతా తగలేస్తాడు. కరువొస్తుంది. పందులు మేపే పనిలో చేరతాడు. వాటి మేతైనా తిందామనిపించేంత ఆకలి. అప్పుడు ఇల్లు గుర్తొస్తుంది.

వీళ్లు దాన్ని మన దగ్గరికి తెచ్చారు. చిన్నకొడుకు పల్లెలో పొలం అమ్మించి హైదరాబాద్ వస్తాడు. థర్మాకోల్‌తో ఓ పెంకుటిల్లు, తెల్ల దుప్పటి మీద ప్రొజెక్టర్‌తో కేబుల్ బ్రిడ్జి లైట్లు. తండ్రి వేషం వేసిన అబ్బాయికి పాతికేళ్లుంటాయేమో. జుట్టుకి పౌడరు, భుజాన తుండు. డైలాగ్ మర్చిపోయినప్పుడల్లా దగ్గేవాడు. మూడోసారి దగ్గేసరికి అందరికీ అర్థమైపోయింది.

నవ్వు ఆగింది ఎక్కడంటే, చిన్నకొడుకు డబ్బంతా ఫోన్‌లో పోగొట్టుకున్నప్పుడు. చేతిలో ఏమీ లేదు, ఫోన్ ఒక్కటే. వేలితో నొక్కుతున్నాడు. వెనక నుంచి ఎవరో గంట కొడుతున్నారు. ఒక్కో గంటకీ మెడలో గొలుసు, చేతి గడియారం, కాళ్లకి షూ.. ఒక్కొక్కటే తీసి కింద పెడుతున్నాడు. బెట్టింగ్ యాప్ అని ఒక్క మాట కూడా అనలేదు. చుట్టూ చూస్తే ఎవరూ కదలట్లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. ఆ నిషేధం ఎంత బాగా పనిచేసిందో ఆ నిశ్శబ్దమే చెప్పింది.

పందుల దగ్గరి దృశ్యానికి బదులు డెలివరీ బ్యాగు పెట్టారు. మొదట నాకు నచ్చలేదు. డెలివరీ చెయ్యడం పతనమా? ఆ హాల్లోనే రాత్రిళ్లు ఆ పని చేసి ఫీజులు కట్టుకున్న వాళ్లు ఉంటారు. కానీ వాళ్లు చూపించింది పనిని కాదు, ఆకలిని. పొద్దుట్నుంచి ఏమీ తినని కుర్రాడు ఎవరికో వేడి బిర్యానీ మోసుకుంటూ పన్నెండో అంతస్తుకి మెట్లెక్కుతాడు, లిఫ్ట్ వాడొద్దన్నారు కాబట్టి. తలుపు ముందు నిలబడి ఆ పొట్లాన్ని ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని, తీసేస్తాడు. అప్పుడే కింద వంటవాళ్లు మా డిన్నర్ డేగిసా మూత తీసినట్టున్నారు. మసాలా వాసన హాలంతా కమ్మింది. దీనికి దర్శకుడెవరో గానీ, టైమింగ్ దేవుడిదే!

ఇంటికి బయల్దేరుతూ వాడు దారంతా ఒకే డైలాగ్ ప్రాక్టీస్ చేస్తాడు. నేను నీ కొడుకునని చెప్పుకోవడానికి పనికిరాను, పాలేరుగా పెట్టుకో నాన్నా, అని. తండ్రి హాలు వెనక నుంచి, కుర్చీల మధ్యలోంచి, పంచె పైకి పట్టుకుని పరిగెత్తాడు. మన పల్లెల్లో పెద్దవాళ్లు పరిగెత్తరు. కబురు పంపిస్తారు, లేదా అరుగు మీద కూర్చుని వచ్చేదాకా చూస్తారు. ఈయన పరిగెత్తాడు. కొడుకు డైలాగ్ సగంలో ఉండగానే తుండు తీసి వాడి మొహం తుడిచాడు. మిగతా సగం వాడు చెప్పనేలేదు.

కథ అయిపోయిందనుకున్నాను. లైట్లు ఆరిపోయాయి.

నా పక్కనే..

తలుపు దగ్గర, చెప్పుల స్టాండ్ పక్కన, ఎవరో ఫోన్ టార్చ్ వేశారు. అందరూ వెనక్కి తిరిగారు. నాకు అరగజం దూరంలో పెద్దకొడుకు నిలబడి ఉన్నాడు. మెడలో ఆఫీసు ఐడీ కార్డు. చేతిలో లంచ్ బాక్స్.

"లోపల ఆ పాటలేంటి?" అన్నాడు. ఎవరో చెప్పారు, మీ తమ్ముడొచ్చాడు అని.

లోపలికి రాలేదు. తండ్రే బయటికొచ్చాడు. పెద్దకొడుకు అరవలేదు. మెల్లగా లెక్క చెప్పాడు. ప్రతి నెలా ఈఎంఐ నేనే కట్టాను. అమ్మ ఆపరేషన్‌కి నేనే ఉన్నాను. ఒక్క పండక్కి కూడా నా ఫ్రెండ్స్‌ని పిలిచి ఓ పూట భోజనం పెట్టమని అడగలేదు. వాడు అంతా తగలేసి వస్తే విందా? నేనేం తప్పు చేశాను నాన్నా?

తండ్రి లోపలికి రమ్మని బతిమాలాడు. పెద్దకొడుకు గుమ్మం మీద ఒక కాలు పెట్టాడు. రెండో కాలు బయటే ఉంది. టార్చ్ ఆరిపోయింది.

అంతే. ఆ మేనేజర్ లేచి ఒకే ఒక్క విషయం చెప్పారు. బైబిల్లో కూడా కథ ఇక్కడే ఆగుతుందట. పెద్దకొడుకు లోపలికి వెళ్లాడో లేదో రాయలేదు.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో కోర్సు చేస్తానన్నాడు. ఫీజు, హాస్టల్ నేనే చూసుకున్నాను. ఏప్రిల్‌లో, ఐపీఎల్ నడుస్తుండగా, లోన్ యాప్ వాళ్లు మా అమ్మకి ఫోన్ చేసి బూతులు తిట్టారు. అప్పుడు బయటపడింది. మూడు లక్షల నలభై వేలు. ఇంటి అడ్వాన్స్ కోసం దాచుకున్న ఎఫ్‌డీ విరగ్గొట్టి కట్టేశాను. కట్టి, "ఇక నాతో మాట్లాడకు" అన్నాను. వాడు మాట్లాడలేదు. గుంటూరులో ఓ మొబైల్ షాపులో చేరాడు. ప్రతి నెలా 5వ తేదీన నా అకౌంట్‌లో మూడు వేలు పడతాయి. మెసేజ్ ఏమీ ఉండదు. ఎనిమిది నెలలుగా మా అన్నదమ్ముల మధ్య మాటలంటే ఆ యూపీఐ నోటిఫికేషన్లే.

నేను తప్పు చేయలేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ పెద్దకొడుకు కూడా తప్పు చేయలేదు. కథలో తండ్రి కూడా నువ్వు తప్పు చేశావని వాడితో అనలేదు. లోపలికి రమ్మన్నాడంతే.

బిర్యానీ ప్లేటు తీసుకుని మెట్ల మీద కూర్చున్నాను. పెద్దకొడుకు వేషం వేసిన అబ్బాయి వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఆ డైలాగులు ఎవరు రాశారు?" అని అడిగాను. "ఎవరూ రాయలేదన్నా, నావే" అన్నాడు. ఇంకేం అడగలేదు.

ఈ నాటికలు వీళ్లు కొత్తగా కనిపెట్టినవేం కాదట. వాళ్ల ఊళ్లో బైబిల్ కథల్ని బుర్రకథగా చెప్పేవాళ్లనీ, తెర కట్టి 1978 నాటి 'కరుణామయుడు' సినిమా వేసేవాళ్లనీ మా వాడు చెప్పాడు. గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న సంగతి బడిలో చదివిన గుర్తు. ఇక్కడికి కాస్త దూరంలో, లింగంపల్లి దగ్గర సురభి కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన నాటక కుటుంబాల వారసులు అక్కడ ఉంటారు. ఏ మతమైనా తెలుగువాళ్లకి దేవుడి గురించి చెప్పాలంటే స్టేజీ కట్టాల్సిందే!

నన్ను మతం మారమని ఎవరూ అనలేదు. వాట్సాప్ గ్రూపులో చేరతారా అని అడిగారు. తర్వాత చెప్తానన్నాను. "సరే అన్నా, బిర్యానీ ఇంకొంచెం?" అన్నారు.

రాత్రి పదిన్నరకి కొత్తగూడ ఫుట్‌పాత్ మీద నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తాడు.

"అన్నయ్యా, ఈ నెలది రేపు వేస్తా. షాపులో జీతం లేటైంది. రేపు కచ్చితంగా.."

ఆ రోజు 6వ తేదీ. వాడి పుట్టినరోజు నాడు అన్న ఫోన్ చేస్తే, ఒక రోజు ఆలస్యమైన మూడు వేల కోసమే అనుకున్నాడు. ఆ ముక్కలు వాడు ఎన్నిసార్లు ప్రాక్టీస్ చేశాడో. వాడికి అలా అనిపించేలా చేసింది నేనే.

"డబ్బుల కోసం కాదురా" అన్నాను. "తిన్నావా?"

కాసేపు అవతల బస్సుల హారన్లు వినిపించాయి. "ఇంకా లేదు" అన్నాడు. తర్వాత, "నువ్వు?"

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. ఎఫ్‌డీ తిరిగి రాలేదు, కోపం కూడా పూర్తిగా పోలేదు. ఒక కాలు లోపల పెట్టానంతే.

మీరూ వెళ్లాలనుకుంటే..

మెట్రోలో నాగోల్–రాయదుర్గం బ్లూ లైన్ ఎక్కి హైటెక్ సిటీలో దిగండి. అక్కడి నుంచి కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఆటోలు దొరుకుతాయి. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ వేరు, మెట్రో స్టేషన్ వేరు. రెండూ ఒక్కచోట ఉండవు. మొదటిసారి వచ్చేవాళ్లు పొరపడేది ఇక్కడే.

డిసెంబర్ అయితే మంచిది. సెమీ క్రిస్మస్ పేరుతో ప్రతి వారాంతం ఎక్కడో ఓ చోట కూడిక ఉంటుంది. బాల్కనీలో కాగితం నక్షత్రం వేలాడుతుంటే అడగండి, వాళ్లే దారి చెప్తారు. చెప్పులు బయట విడవాలి. మైకులో "కొత్తగా వచ్చినవాళ్లు చెయ్యెత్తండి" అంటారు, కంగారు పడకండి. మధ్యలో లేచి వచ్చేయొచ్చు అనుకుని తలుపు పక్కన మాత్రం కూర్చోకండి. నా అనుభవంతో చెప్తున్నా, అసలు కథ అక్కడే జరుగుతుంది!